ఊపిరి బిగపట్టండి

నైట్ డ్యూటీ దిగి, కళ్ళలో ఇంకా ఇసుక ఉండగానే
కోఠి బ్యాంక్ స్ట్రీట్‌లో కెమెరా కొన్నాను.
ఇరవై నెలల చిట్టీ
పదకొండో నెలలో పాడుకున్న డబ్బు.
వహీద్ భాయ్ అట్టపెట్టె విప్పి
మంత్రసాని బిడ్డను అందించినట్టు అందించాడు.
"దబాకే దేఖో మేడం" అన్నాడు.
నొక్కాను.
మొదటి బొమ్మ:
షాపు సీలింగు ఫ్యాను సగం,
నా బొటనవేలు సగానికి పైనే.

బొమ్మలు తియ్యడం రానిదాన్ని కాదు.
పద్దెనిమిదేళ్ళుగా అదే పని,
ఉస్మానియాలో, మెట్ల పక్క చల్లటి గదిలో.
రూపాయి బిళ్ళ మింగిన పిల్లాడి గొంతు,
బండి మీంచి పడ్డవాడి మోకాలు,
దగ్గి దగ్గి అలసిపోయిన పక్కటెముకలు.
మనిషి లోపల ఎలా ఉంటాడో నాకు కంఠతా వచ్చు.
పైకి ఎలా ఉంటాడో
నింపాదిగా ఎప్పుడూ చూడలేదు.
స్విచ్ నొక్కే క్షణానికి
నేను సీసపు తెర వెనక ఉంటాను.

అఫ్జల్‌గంజ్ దాటి నయాపుల్ మీదికి నడిచాను.
మూసీ వాసన కెమెరాకి తెలియదు,
దానికి నీళ్ళు మెరుస్తూనే కనిపించాయి.
పావురాన్ని తీస్తే
పావురం ఎగిరిపోయిన పిట్టగోడ వచ్చింది.
ఆటోని తీస్తే దాని పొగ వచ్చింది.
ఇంత వెలుతురు నాకు అలవాటు లేదు.
నేను పని నేర్చుకున్నది
మొగులయ్య డార్క్‌రూమ్‌లో, ఎర్రబల్బు కింద.
తడి ఫిల్ములు తాడుకి వేలాడుతుంటే
"ఒక్కటి పాడైతే ఒక మనిషిని మళ్ళా పండబెట్టాలె,
యాదుంచుకో" అనేవాడు.

వంతెన చివర సీతాఫలాల తట్ట ముందు
బాలమణి.
పేరు తర్వాత చెప్పింది.
"నన్ను తియ్యరాదు బిడ్డా" అంది ముందు.
కొంగు సర్దుకుంది, తక్కెడ పక్కకు జరిపింది,
ఎందుకో చెప్పులు కూడా వేసుకుంది.
నా నోరు దానంతటదే పలికింది:
"కదలొద్దు. ఊపిరి బిగపట్టండి."
పాపం, బిగపట్టింది.
బుగ్గలు పూరీల్లా పొంగాయి.
నేను చతురస్రాలు వెతుక్కుంటూ, సగం నొక్కుతూ, వదిలేస్తూ
"ఇక వదలండి" అనడం మర్చిపోయాను.

"ఎట్లొచ్చింది? జూపియ్యి."

గొంతు దాకా వచ్చేసింది పాత మాట:
డాక్టరుగారు చెప్తారు.
ఎంతమందికి చెప్పానో ఆ మాట,
ఫిల్ము మీద తెల్లమచ్చ అప్పటికే చూసేసి,
ముఖం గోడలా పెట్టుకుని.
తల్లులకు చెప్పాను.
ఒకసారి, మా ఆయన మేనత్తకే చెప్పాను.

కెమెరా తిప్పి తెర ఆమె వైపు పెట్టాను.
చేతులు చీరకు తుడుచుకుని పట్టుకుంది.
"అవ్వో, గిట్లున్ననా నేను!
గాలి నింపిన బుగ్గ లెక్క!
ఇంగోటి తియ్యి, ఈసారి ఊపిరి ఆపుమనకు."

రెండోది కదిలిపోయింది.
నవ్వు కుదురుగా ఉండదు కదా.
డ్యూటీలో అయితే చెత్త కింద లెక్క,
సార్‌తో చివాట్లు, రిజిస్టర్‌లో ఎర్రగీత.
తెర మూలన చిన్న చెత్తబుట్ట వెలిగింది.
దాన్ని అలాగే వెలగనిచ్చి ఆర్పేశాను.

రెండు కాయలు చేతిలో పెట్టింది,
"రేపటికి పండ్లయితయ్" అని.
డబ్బులు తీసుకోలేదు.

బస్సులో, బ్యాటరీ ఎర్రగీతలో ఉండగా
ఆ కదిలిన బొమ్మనే పెద్దది చేసి చూశాను.
నవ్వు వెనక, జనం వెనక,
ఎవరో ఒకాయన మా ఆసుపత్రి కవరు
ఎండకు నెత్తిన అడ్డం పెట్టుకుని పోతున్నాడు.
రాత్రి నేను తీసిందే అయ్యుండాలి.

ముఖం ఎంత చూసినా గుర్తు రాలేదు.
ఆ కవరు ఒక్కసారి విప్పి ఎండకు ఎత్తిపడితే
ఎవరో చెప్పేద్దును.