మంచు మీద ముందు కర్ర

పాత లాప్‌టాప్ ఇది.
రెయిన్‌డీర్ సంఘం ఆఫీసులో పదేళ్లు లెక్కలు మోసి
రిటైరై నా దగ్గరికొచ్చింది.
మూత కీలు విరిగితే నల్ల టేపు చుట్టాను.
ఒక మీట ఊడిపోయి రబ్బరు మొటిమ మిగిలింది.
ఇందులో పోగొట్టుకోవడానికి ఏమీ లేదు.
అందుకే దీనికింత గౌరవం.

ఇవాళ దీన్ని
ఇంకా తయారుకాని వెర్షన్‌కి ఎక్కిస్తున్నాను.
తయారుకాలేదని వాళ్లే రాశారు, మొదటి వాక్యంలో.
రోజూ వాడే యంత్రం మీద వద్దని, రెండో వాక్యంలో.
మూడోది నేను చదవలేదు.

ఇనారి సరస్సు ఒడ్డున నవంబరు.
మధ్యాహ్నం మూడింటికే లైబ్రరీ కిటికీలు నల్లబడ్డాయి.
రెండువేల నూటపదిహేడు ప్యాకేజీలు
ఒకటి తర్వాత ఒకటి దిగుతున్నాయి.
పిల్లల పుస్తకాలు సర్దుతూ హెల్కా అడిగింది,
"పాడైపోతే?"
"పాడవ్వాలనే."
ఆమె నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

మా తాత సామ్మల్
తొలి మంచు మీదికి ఏనాడూ ఒట్టి చేతుల్తో వెళ్లలేదు.
ఇనప ములుకున్న కర్రతో ముందు పొడిచేవాడు.
ఖంగుమంటే అడుగు.
బుడుంగుమంటే వెనక్కి.
కర్ర తడిసిందని మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు.

అరవై రెండు శాతం దగ్గర ఆగింది.
కాఫీ తాగొచ్చాను. అరవై రెండు.
హెల్కా తాళాలు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అరవై రెండు.
ఇవాలో వెళ్లే చివరి బస్సు
కిటికీలో పసుపు గీతలా జారిపోయింది.
అరవై మూడు.

తర్వాత నలుపు.
తర్వాత తెల్లటి అక్షరాల వరద, మధ్యలో ఒక్క ఎర్రటి పంక్తి,
చదివేలోగా పైకి కొట్టుకుపోయింది.
మళ్లీ నలుపు. ఎడమ మూల ఒక గీత మాత్రం మినుకుమినుకు.
ముక్కు దగ్గర వేలుపెట్టి ఊపిరి చూసినట్టు
ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను.

లేచింది.
గుండ్రటి మూలలు, ఇదివరకు లేని నీలం.
శబ్దం లేదు. ప్రింటర్ ఎవరో తెలీదంది.
పోనీ, అవి ఎవరో ఒకరు చూస్తారు,
లోకంలో ప్రింటర్లున్నవాళ్లు చాలామంది.
మా మాట మాట్లాడేవాళ్లం నాలుగొందలమంది ఉంటామేమో.
మా అక్షరాలు నేనే చూడాలి.

నెత్తిన హంసపాదు పెట్టుకున్న చ, వచ్చింది.
నడుముకు అడ్డగీత కట్టిన ద, వచ్చింది.
తోక మడిచిన న
మా భాషలో మంచుగడ్డ అనే మాట నడిమధ్యన ఉంటుంది.
ఆ మాట కొట్టాను.
తోక న ఉండాల్సిన చోట ఖాళీ గడి,
చేపల కోసం సరస్సులో కోసిన కంతలా.

బుడుంగుమంది కర్ర.

ఆదిలోనే హంసపాదు అని పెదవి విరవచ్చు.
కానీ హంసపాదంటే
ఇక్కడేదో జారిపోయింది, పైన రాయండి, అనేగా.
రాశాను.
ఏం చేశారు: అప్‌గ్రేడ్.
ఏం జరిగింది: గడి.
ఏం జరగాలనుకున్నారు:
ఇక్కడ చాలాసేపు ఆలోచించి,
"మంచు" అని రాసి, కొట్టేసి,
"ఒక అక్షరం" అని రాశాను.

నాలుగు రోజులకు జవాబు. ముక్కూ మొహం తెలీని మనిషి,
ఏ దేశమో,
"నాకూ గడే వచ్చింది" అన్నాడు.
అంత దగ్గరితనంతో నన్ను ఈమధ్య ఎవరూ పలకరించలేదు.

పదో రోజు మళ్లీ ఎక్కించాను.
తోక న వచ్చింది, తోకతో సహా.
శబ్దం కూడా వచ్చింది.
మౌస్ బాణం మాయమైంది.

"బాగైందా?" అంది హెల్కా, కోటు విప్పుతూ.
"లేదు" అన్నాను,
ఎంత సంతోషంగా అన్నానో
ఆమె ఒక చేయి కోటులోనే ఉంచుకుని
నా వైపు చూసింది.