తలల లెక్క

అక్టోబర్ మొదటి బుధవారం.
రాత్రి మంచు పడింది.
బస్సు అద్దాలు గోకుతున్న చప్పుడుతో
తెల్లారింది మా బడికి.
ఇవాళ రాష్ట్రం తలలు లెక్కపెడుతుంది.

ఇరవై ఆరేళ్లుగా ఈ కౌంటర్ వెనక నేనే,
లెంపి కోస్కెలా, గుమాస్తా.
ఈ ఒక్క రోజుకి మాత్రం కోశాధికారిని.
హాజరు పట్టీలో టిక్కు ఒక్కింటికి
తొమ్మిది వేల చిల్లర డాలర్లు.
అంటే బస్సుకి కొత్త టైర్లు,
లేదంటే సంగీతం మేడం వారానికి ఒక పూట.
జలుబు చేసినా పంపండని నిన్న ఇంటింటికీ ఫోన్ చేశాను.
వచ్చినవాళ్లకి పాన్‌కేకులన్నాం.
ప్రిన్సిపాల్ ట్రోంబ్లీ కలిపిన పిండి
ఉండలు కట్టింది. ఎవరూ ఏమీ అనలేదు.

రెండొందల పన్నెండు.
ఒకటి తగ్గింది.
మూడో తరగతి, కిటికీ పక్క కుర్చీ: అన్నీకా.

సూత్రం సంగతి చెప్పాలి మీకు.
రాజధానిలో ఎవరో మంచివాళ్లే రాశారు దాన్ని,
కాదనను.
పేదింటి పిల్ల ఒకటి కాదు,
ఒకటి పాయింట్ మూడు ఐదు అన్నారు.
ఆకలికి దశాంశమైనా ఇచ్చినవాళ్లెవరు అంతకుముందు?
కానీ ఆ మూడు ఐదు రావాలంటే
తల్లి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి.
మార్లిస్ పెట్టదు.
ఏటా పంపుతాను. ఏటా మడత విప్పకుండా తిరిగొస్తుంది
పిల్ల సంచిలో, అరటిపండు మరకతో.

ఇంకో సంగతి. మా ఊరికి సరస్సు ఉంది.
దాని చుట్టూ నూట నలభై ఇళ్లు,
జులైలో వెలిగి సెప్టెంబర్‌లో ఆరిపోయేవి.
ఆ ఇళ్ల పిల్లలు ఎక్కడో వేరే బడుల్లో చదువుతారు,
ఇళ్ల విలువ మాత్రం మా పద్దులో ఉంటుంది.
సూత్రం ఆ పద్దు చూసి
మీరు కలవారు, మీ వాటా మీరే వేసుకోండంటుంది.
పన్ను పెంచుదామని రెండుసార్లు ఓటు పెట్టాం,
ముప్పై ఒక్క ఓట్లతో ఓడాం, తర్వాత తొమ్మిదితో.
ఊరి మీద కోపం లేదు నాకు,
ఆ పన్ను నా ఇంటి మీదా పడేది.
మూతపడ్డ కిటికీల పక్కన నిలబెట్టి
మా ఎత్తు కొలుస్తారు, అంతే.

ఆ ఇళ్లు తుడిచేది మార్లిస్.

పదిన్నరకి కారు తీశాను.
పదిహేడో నంబరు ఇంట్లో దొరికారు ఇద్దరూ.
చలికాలానికి ఇల్లు మూస్తోంది తల్లి,
గొట్టాల్లో నీళ్లు వంచేసి, సోఫాలకి దుప్పట్లు కప్పి.
పిల్ల పియానో కింద కూర్చుని
ఎర్ర పెన్సిల్ చెక్కుతోంది, బుగ్గలూ ఎర్రగానే ఉన్నాయి.
సంచిలోంచి కాగితం తీయలేదు నేను.
తీద్దామనే వెళ్లాను.
"ఒక్క పూట, కుర్చీలో కూర్చుంటే చాలు" అన్నాను.
మార్లిస్ రబ్బరు గ్లవ్ నెమ్మదిగా లాగి
కూతురి నుదురు ముట్టుకుంది.
"ఎంతిస్తారేంటి దీనికి?"
చెప్పాను.
నవ్వింది. "ఈ కర్టెన్లంత."
కోటు తనే తొడిగింది పిల్లకి,
గుండీలు ఒకటొకటిగా, పైదాకా.

కారు వెనక సీట్లోంచి అడిగింది అన్నీకా:
"లెక్కపెట్టేశాక ఇంటికెళ్లిపోవచ్చా?"
వెళ్లొచ్చన్నాను.

పన్నెండుకి ఐదు నిమిషాలు.
చల్లారిన పాన్‌కేకు ముట్టలేదు.
కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది.
టీచరు టిక్కు పెట్టింది.
రెండొందల పదమూడని పంపాను రాజధానికి,
ఆ పిల్ల పేరుకెదురుగా ఒక గడి ఖాళీగా వదిలి.

తర్వాత తీసుకెళ్లి నర్సు గదిలో పడుకోబెట్టాను.
నర్సు మంగళవారాలే వస్తుంది.
థర్మామీటరు నేనే పెట్టాను.

నూట ఒకటి పాయింట్ మూడు.