చెవిరాయి

గడువు ఈ రాత్రి పన్నెండు వరకు.
న్యూయార్క్‌లో పన్నెండా, కోడియాక్‌లో పన్నెండా
ఎవరూ రాయలేదు.
వాళ్ళ పన్నెండు మాకు ఎనిమిది.
లైబ్రరీ మూసేదీ ఎనిమిదికే.

బయట అక్టోబరు వాన అడ్డంగా కురుస్తోంది.
ఈ దీవిలో అది పైనుంచి పడటం తక్కువ.
తెర మీద మూడు గుండ్రాలు:
ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ.
కాలేజీ అడిగింది ఒక్క సైన్సు.
ఒక్కటే కదా అని
మూడు వారాలుగా వాయిదా వేశాను.

"ఫిజిక్స్ రాయి మరివిక్" అంది టోలెఫ్సన్ టీచరు,
"ఆడపిల్ల ఫిజిక్స్ రాసిందంటే
ఆ కాగితం దగ్గర వాళ్ళు కాస్త ఆగుతారు."
ఆగుతారేమో.
మా ఫిజిక్స్ మాస్టారు మాత్రం ఆగలేదు,
ఫిబ్రవరి చీకటికి తట్టుకోలేక
టార్క్ పాఠం సగంలో వదిలి విమానమెక్కాడు.
నా నోటుపుస్తకంలో ఆయన గీసిన చక్రం
బాణం గుర్తు దగ్గరే ఆగిపోయి ఉంది.
దాన్ని తిప్పడానికి ఎంత బలం కావాలో
నాకింకా తెలీదు.

కెమిస్ట్రీలో నాకు మొదట పరిచయమైంది అమోనియా.
కేనరీ ఫ్రీజరులో గొట్టం పగిలిన రాత్రి
దానీలో మామయ్య దాన్ని
ఊపిరితిత్తుల్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.
పుస్తకంలో చూస్తే ఎంత సాధువు!
ఒక నత్రజని, మూడు హైడ్రోజన్లు,
కాళ్ళు ముడుచుకు పడుకున్న పిల్లిలా.
మామయ్య ఇప్పటికీ మెట్లెక్కుతూ
మూడో మెట్టు మీద నిలబడతాడు,
తన వైపు సమీకరణం
తుల్యమయ్యేదాకా.

"బయాలజీయా? అంతా బట్టీయేగా"
పక్క కుర్చీలోంచి లుకిన్ వాళ్ళ అబ్బాయి.
నేనేం అనలేదు.
రెండు వేసవులు కత్తి పట్టుకుని బెల్టు ముందు నిలబడ్డాను.
రబ్బరు తొడుగుల్లో నా వేళ్ళు
పాఠం కంటే ముందే చూసేశాయి:
గాలి తిత్తి, బొటనవేలంత గుండె,
వెన్నెముకని అంటుకుని ముదురెరుపు గీతలా మూత్రపిండం,
చెంచాతో గీకితే వచ్చేస్తుంది.
ఒకరోజు ఒక తల దాచి తెచ్చాను.
చేపల ఆఫీసులో ఒకాయన
దాని చెవిలోంచి బియ్యపు గింజంత రాయి తీసి, అరగదీసి
సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపించాడు.
వలయాలు. చలికాలానికొక నల్ల గీత.
చేప చెవిలో డైరీ ఉంటుందమ్మా అంటే
"విన్నవన్నీ రాసుకుంటుందేమో పాపం" అంది అమ్మ,
చెవిలో దూది సర్దుకుంటూ.
యంత్రాల పక్కన పదిహేనేళ్ళు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను.
బయాలజీ నొక్కితే మళ్ళీ రెండు:
'ఈ' అంటే నదులు, అడవులు, ఎవరెవర్ని తింటారు.
'ఎమ్' అంటే కణం లోపలి కొలిమి.
అరవై ప్రశ్నలు అందరికీ ఒకటే,
ఆ తర్వాత ఇరవైకి దారి చీలుతుంది.
ఇప్పుడేది నొక్కినా
ఆ ఉదయం, పెన్సిల్ చేతిలో ఉండగా
మనసు మార్చుకోవచ్చట.
ఇంత దయగల షరతు
మా ఇంటికొచ్చిన ఏ కాగితంలోనూ లేదు.

ఏడూ నలభైకి అమ్మ ఫోను, విరామంలో.
"దేనికి జీతం ఎక్కువ?"
"ఇంకా జీతం దాకా రాలేదమ్మా."
వెనక బెల్టు చప్పుడు.
"కత్తి ఎక్కడ పెట్టాలో
చేపనడిగి పెట్టావా ఎప్పుడైనా?"
గంట మోగింది. పెట్టేసింది.

ఎనిమిదికి రెండు నిమిషాలు.
బయాలజీ నొక్కాను. 'ఎమ్' అన్నాను.
వెంటనే అనుమానం వచ్చింది.
ఖాళీగా మిగిలిన ఫిజిక్స్ గుండ్రం
అలిగిన స్నేహితురాలిలా ఇటే చూస్తోంది.
నీ చక్రం సంగతి తర్వాత, అన్నాను,
మాటిచ్చానో, తప్పించుకున్నానో.

లైబ్రేరియన్ ఒక్కొక్క దీపం ఆర్పుకుంటూ వస్తోంది.
తలుపు దగ్గర చొక్కా టోపీ లాక్కుంటూ
చేతులు ముక్కు దాకా తెచ్చుకున్నాను.
ఎన్ని సబ్బులు అరిగాయో,
ఆగస్టు ఇంకా పోలేదు.