తూర్పు కిటికీ

కోరంగి దాటాక, పాయ సముద్రం వైపు తిరిగే మలుపులో
ఇరవై ముగ్గురు పిల్లలకి అంగన్‌వాడీ కట్టాలి.
పాతది వరదకి మూడుసార్లు మునిగింది.
బురద తోడి, సున్నం కొట్టి, మళ్ళీ అక్కడే కూర్చోబెట్టారు
మూడుసార్లూ.

టేపు పట్టుకుని నేను దిగితే
పీతల బుట్టతో ఎదురొచ్చింది పెమ్మాడి కాసులమ్మ.
"నేల కొలిచి ఏం చేస్తావమ్మా,
నీళ్ళు ఎందాకా వస్తాయో అడుగు."

పడవెక్కించి ఉప్పు పొన్నని చూపించింది.
ఒక్క మాను, ముప్పై కాళ్ళు.
పోటు వస్తే కాళ్ళ సందున దారిస్తుంది,
పాటుకి ఒండ్రు మాత్రం అట్టేపెట్టుకుంటుంది.
ఆ రాత్రి నా పునాది గీతలన్నీ చెరిపేశాను.

గట్టు మీది తాడిచెట్టుకి గిజిగాళ్ళ గూళ్ళు,
అన్నీ తూర్పు పక్కనే,
నైరుతి గాలికి వీపు చూపించి.
రాలిన గూడొకటి విప్పి చూశాను:
లోపల గోడకి మట్టి ముద్దలు, ఊగకుండా బరువు.
అలాగే కట్టించాను.
పడమర పీచూ మట్టీ కలిపిన గుడ్డిగోడ,
కిటికీలన్నీ తూర్పుకి.

"రేట్ల పుస్తకంలో ఈ ఐటం లేదే" అన్నారు డి.ఈ. గారు.
డిజైన్ ఎవరిది అన్న గడి
ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను.

జులైలో గోదారి ఎర్రగా వచ్చింది,
గచ్చు కిందనుంచే వెళ్ళింది.
పిల్లలు పలకల సందుల్లోంచి చీపురుపుల్లలు దించి
చేపలు పడతామన్నారు.
ఆ వారం నేను కాస్త ఎత్తుగా నడిచాను.

నవంబరు తుఫాను తూర్పునుంచి వచ్చింది.

చాపలు, పలకలు, పప్పు డబ్బా,
అట్ట మీద అంటించిన అ ఆలు
అన్నీ పడమటి గోడకి కరుచుకుని ఉన్నాయి.

కాసులమ్మ నవ్వలేదు. చాప పిండుతూ అంది:
"గిజిగాడికేం, కార్తీకానికల్లా పిల్లలు ఎగిరిపోతాయి.
దాని ఇల్లు ఒక్క కారుకే.
మనవి ఏడాదంతా ఇక్కడే ఉంటాయి కదా."

ఇప్పుడు కిటికీలకి తాటిమట్టల తలుపులున్నాయి.
అటువైపు గట్టున మడ మొక్కలు నూట పది నాటాం,
మేకలు తినగా అరవై.
అవి గాలికి అడ్డం నిలిచేసరికి
ఈ పిల్లలు పైస్కూలుకి పోతారు.

నిన్న పడమటి గోడ మీద వాలి
ఒక గిజిగాడు పీచు లాగుతోంది.
ఆయా చీపురెత్తింది.
"ఉండనీ" అన్నాను,
"దాని ఫీజు మనమింకా ఇవ్వలేదు."