మునియమ్మ విలువ ఏడు

రాజాజీనగర్లో కుట్టుమిషన్ల అంగడి పైన రెండో అంతస్తు.
కింద సూది ఆడినప్పుడల్లా
నా బల్ల మీద టీ వణుకుతుంది.

పని చిన్నదే అన్నారు.
పిల్లోళ్ళు మౌసు పట్టుకొని బొమ్మలు గీసే ప్రోగ్రాము,
పాత వెర్షన్లో ఉండేదాన్ని కొత్తదాంట్లోకి దించాల.
"రెండు దినాల్లో అయిపోతుంది కదమ్మా" అన్నాడు ఉమాపతి సారు.
ఇది మూడో శుక్రవారం.

పాత కోడు పెద్ద సంసారంలో పెరిగిన బిడ్డ మాదిరి.
ఎవరి దువ్వెనతోనైనా తల దువ్వుకుంటుంది.
రూట్ అని ఒక్క కేక వేస్తే
ఇల్లంతా పలుకుతుంది.
మౌసు కదిలితే గీత, అంతే,
వినమని ఎవురూ చెప్పకపోయినా వింటుంది.

కొత్తది అట్ల కాదు.
వినేదానికి ఒకర్ని కూర్చోబెట్టమంటుంది,
ఏం వినాల్నో ముందే రాసిమ్మంటుంది.
ప్రతి పేరు పక్కన రెండు చుక్కలు పెట్టి
నువ్వే రకం అని అడుగుతుంది.
అంకెవా, అక్షరానివా, ఔను కాదుల దానివా.
నాకిది కొత్త కాదులే.
శ్రీరాంపురంలో గది అడగబోతే
ఓనరమ్మ నా పేరు విని, నవ్వి,
ఆ రెండు చుక్కలే పెట్టింది.

ఒకనాడు పొద్దున్నించి తెల్ల తెర.
తప్పు లేదు, కోడంతా సరిగ్గానే ఉంది,
గీత లెక్కల్లో సాగుతానే ఉంది, కంటికి మాత్రం లేదు.
సాయంత్రానికి తెలిసింది:
గీస్తే చాలదు,
తెర మీదుండే వాళ్ళ జాబితాలో
దాని పేరు కూడా చేర్చాల.

రెండువందల పన్నెండో వరస కాడ ఆగిపోయినా.
మునియమ్మ = 7
కదిలింది మునియమ్మ కన్నా తక్కువైతే గీయొద్దు.
పక్కన వివరం లేదు, తేదీ లేదు.
రాసినాయన అరుమైనాథన్, కోలారు గనుల ఊరాయన,
మానేసి ఆరేండ్లు, ఫోన్ నంబరు ఇప్పుడు ఇంకెవురిదో.

అకౌంట్స్ హొంబేగౌడను అడిగినా.
"యారమ్మా మునియమ్మ? నమ్మ లిస్టల్లి ఇల్ల."
జీతాల పట్టీ తిరగేసి చూపించినాడు కూడా.

చెప్పింది టీ తెచ్చే కరీముల్లా.
"ఊడ్చే ఆయమ్మ. ముళబాగిలు పక్క.
మీ మాదిరే తెలుగు.
ఆరు గంటలకే వచ్చి పోయేది,
మీరెవురూ చూసుండరు."

చీపురు బల్లకాలికి తగిలేదంట.
మౌసు ఇసుమంత జరిగేదంట.
రాత్రి తెర మీద వదిలిపోయిన ఏనుగుకో రైలుకో
తెల్లారేసరికి వెంట్రుకల్లాంటి గీతలు.
ఉమాపతి సారు అరిచినాడంట
పని మాన్పిస్తానని.
మెల్లగా ఊడువమ్మా అని
అరుమైనాథన్ ఆమెకు చెప్పలేదు.
మిషనుకు చెప్పినాడు,
ఏడు చుక్కల దాకా ఓర్చుకోమని.

ఇప్పుడు ఆ అవసరం లేదు.
కొత్తదాంట్లో బటన్ నొక్కితేనే గీత.
నమ్మకం చాలక
కింద అంగడిలో చీపురు అడుక్కొచ్చి
బల్లకాలిని నాలుగుసార్లు కొట్టి చూసినా.
హొంబేగౌడ కళ్ళజోడు పైకెత్తి చూసినాడు.
ఏనుగు ఏనుగుగానే ఉంది.

ఆ వరస తీసేసినా.
టీ తాగొచ్చి మళ్ళా పెట్టినా.
పేరు పక్కన రెండు చుక్కలు,
రకం: పూర్ణాంకం,
విలువ: ఏడు.

మిషను తప్పు పట్టలేదు.
పచ్చరంగులో ఒక చిన్న హెచ్చరిక,
ఈ పేరు ఎక్కడా వాడుకలో లేదని.

ఆరున్నరకు ఫైలు పంపించి కూర్చున్నా.
కింద ఎవురో జాకెట్టుకు చివరి కుట్టు వేయించుకుంటా ఉన్నారు.
టీ గ్లాసు గలగల.
మౌసు కొంచెం జరిగింది,
ఏడు లోపలే.