పెన్సిలు టైంటేబుల్

మా బడిలో టైంటేబుల్ పెన్సిలుతో రాసి ఉంటుంది.
పక్కనే మేకుకు ఒక దారం,
దారం చివర ఒక రబ్బరు.
నారిన్ కొండల్లో, ఏడాదిలో సగం మంచు కింద పడుకునే ఊళ్ళో
మొదటిరోజు అది చూసి నవ్వుకున్నాను,
సిరాకు కూడా గతిలేని బడి కాబోలు అని.

"ఎవరైనా చెరపొచ్చు," అంది బురుల్సున్ ఎజె.
ఎజె అంటే అక్క, అక్కడ అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.
"చెరిపితే ఎవరి గంట కదులుతుందో
వాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడి రావాలి. అంతే."
హెడ్మిస్ట్రెస్ అంటే తాళాలగుత్తి చప్పుడనుకునేదాన్ని.
ఈమె నడిస్తే
బొగ్గు బక్కెట్టు చప్పుడయ్యేది.

నవంబరులో భిన్నాలు చెబుతూ
నేనే ముక్కలయ్యాను.
సుద్ద విసిరేసి బొగ్గుల కొట్లో దూరి ఏడ్చాను.
ఆమె వచ్చింది. ఓదార్చలేదు.
పారతో బొగ్గు ఎత్తుతూ
"వాళ్ళలో ఎవరికి అర్థమైంది?" అంది.
"సెజిమ్‌కి. మూడో బల్ల."
"అయితే రేపు సెజిమ్‌ని అడుగు, నీకు నేర్పమని."
బక్కెట్టు పిడిలో సగం నాకు వదిలింది.

సెజిమ్ రొట్టె తెచ్చింది.
వెంటనే విరవలేదు.
ఎంతమందికి ఆకలిగా ఉందో ముందు లెక్కపెట్టింది.
పదకొండేళ్ళ పిల్ల ముందు చేతులు కట్టుకుని
హారం అంటే ఏమిటో
ఆరోజు నేర్చుకున్నాను.

పొయ్యి రాజేసే ఒముర్జాక్ ఏడో తరగతితో ఆగిపోయాడు.
కాని ఏ వాలు మీద మంచు ఎప్పుడు జారుతుందో
గాలి వాసన పట్టి చెప్పేవాడు.
తన చరిత్ర గంట ఒకటి చెరిపి
ఆమె అక్కడ అతని పేరు రాసింది.
గురువారం, ఆఖరి పీరియడ్: మంచు.

జిల్లా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు
ఆ గడి మీద వేలు పెట్టి ఇక తియ్యలేదు.
"డిగ్రీ లేనివాడు పాఠం చెప్పడమా? ఎవరి నిర్ణయం?"
ఆమె నావైపు చూసి
"ఈ అమ్మాయి చెబుతుంది," అని
టీ పెట్టడానికి వెళ్ళిపోయింది.
నా నోట్లో తడి ఆరిపోయింది.
ఆ క్షణాన ఆమె మీద వచ్చినంత కోపం
నాకు మరెవరి మీదా రాలేదు.
ఏం చెప్పానో గుర్తులేదు.
టీ వచ్చేసరికి అతను కిటికీ దగ్గర
ఒముర్జాక్‌ని ఏదో వాలు గురించి అడుగుతున్నాడు.

అన్నీ ఇలా కుదరలేదు.
కనికేయ్‌కి తొందరపడి పరీక్షల బాధ్యత ఇచ్చింది.
జవాబుపత్రాల కట్ట ఒకటి దారిలో ఎక్కడో పోయింది.
సంజాయిషీ ఉత్తరం కింద సంతకం మాత్రం ఎజెది.
మరుసటేడు మళ్ళీ కనికేయ్‌నే చెయ్యమంది.
మేం గొణిగాం.
నేను అందరికంటే గట్టిగా.

ఫిబ్రవరిలో కొండదారి మూసుకుపోయింది.
ఆమె అవతల, చెల్లెలి ఇంట్లో, నాలుగు రోజులు.
గంట మోగింది. పొయ్యి రాజుకుంది.
ఎవరో రబ్బరు పట్టుకున్నారు, ఎవరో పెన్సిలు.
మూడోరోజు మధ్యాహ్నం ఒకటో తరగతి బక్తియార్ అడిగాడు:
"ఎజె ఏది?"
అప్పటిదాకా మాకెవరికీ తోచనేలేదు.

ఫోన్లో ఈ సంగతి చెబితే పగలబడి నవ్వింది.
తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.
లైను పోయిందేమో అనుకున్నాను.
"పొయ్యి పక్కన నా చెప్పులున్నాయా?" అంది.
"ఉన్నాయి."
"సరే అయితే."

ఇప్పుడు ఆ గోడ ముందు నేను నిలబడుతున్నాను.
రబ్బరు అరిగి చింతగింజంత అయింది.
నిన్న, కొత్తగా చేరిన ఎల్నూరా
నా శనివారం లెక్కల గడి మీద చెయ్యి పెట్టి
"ఇది చెరపనా?" అంది.
ఎందుకు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది,
దాని వెనకే, వద్దు.
నాలుగేళ్ళుగా అక్కడ నా పేరే ఉంది.

శనివారం గోడకు ఆ చివర.
దారం అక్కడిదాకా అందదు.
మేకు నుంచి
ముడి విప్పాను.