కరపత్రంలో వేయడానికి

కంచరపాలెం సంఘం సెక్రటరీ శాంతవర్ధనం గారికి,
మీరడిగిన నాలుగాదివారాల అంశాలు ఇవి.
పాస్టరుగారి కంటి ఆపరేషను బాగా జరిగిందట, సంతోషం.
ఆయన చూపు కుదురుకునేలోగా
ఆయన ప్రసంగపీఠం మీద ఒక్క గీత పడనివ్వను.
కారు సంగతి మాత్రం మాటివ్వలేను.

మొదటి ఆదివారం: బ్రేకులు.
దేవుడు మనిషికి కాళ్లిచ్చాడు, సరే,
ఆగడం ఎక్కడ నేర్పాడు?
నాకైతే యారాడ ఘాట్ దిగొచ్చాక
సింధియా జంక్షన్లో, ఒక గేదె దగ్గర.
గేదె పేరు చెప్పను,
ఓనరు మీ సంఘస్తుడే.

రెండో ఆదివారం పక్కన చిన్న చుక్క పెట్టించండి,
నేను రాకపోవచ్చు.
ముందురోజు ఆటోనగర్ వెనక
ఉప్పుగాలి మేసిన మైదానంలో పాత కార్ల పందెం.
స్టాక్ కారంటే కంగారుపడకండి,
రోడ్డు మీద తిరిగే మామూలు బండే.
అద్దాలు పీకి, తలుపులు వెల్డింగు చేసి,
వెనక సీటు మా ఇంటి వరండాలో వేశాం.
ఎనభై నాలుగు అంబాసిడరు అది,
ముగ్గురు పెళ్ళికూతుళ్లని మోసింది, ఒక ఓడిపోయిన ఎమ్మెల్యేని మోసింది,
ఒకసారి పూడిమడక నుంచి నిండా వంజరాలు.
ఇప్పటికీ మలుపు దగ్గర
నాకంటే ముందు చేపల వాసనే తిరుగుతుంది.

దాని నెంబరు నలభై. మా అప్పలకొండ ఎర్రరంగుతో వేశాడు.
నాలుగు వేశాక డబ్బా అడుగంటి
సున్నా కాస్తా అరసున్నా అయ్యింది.
ఇప్పుడు నేను నాలుగో నలభయ్యో
పందెం పెట్టినోళ్లకే తెలీదు.

మూడోది: టైర్లు మార్చడం (బతికుంటే).
పిట్టంటే పిచ్చుక కాదండి,
పరుగు మధ్యలో బండి ఆగే చోటు.
పెద్ద పందేల్లో పదిమంది మీదపడి
పదకొండు సెకన్లలో బిగించేస్తారు.
మావాళ్లు ముగ్గురు, పదకొండు నిమిషాలు, మధ్యలో టీ.
ప్రార్థన కూడా ఇలాంటిదే అని రాసుకుని చదివితే
మా ఆవిడ మణిమంజరి,
"టీ దాకా బాగుంది,
ఉపమానం దగ్గరే బండి మొరాయించింది" అంది.
కనుక అది కొట్టేయండి.
ఆ వారం స్త్రీల సమాజానికి పంక్చరు వేయడం నేర్పుతాను,
తలో ట్యూబు తెచ్చుకోమనండి.

నాలుగోది ఇంకా తెమలలేదు.
ఉన్నమాట చెప్పాలంటే
ఆరేళ్లుగా పందెంలో చివరన వచ్చేది నేనే.
నేను గీత దాటేసరికి
జెండా ఊపే గుంటడు దాన్ని మడిచి,
దానిమీదే కూర్చుని మురీ మిక్చరు తింటుంటాడు.
పోయినసారి లేచాడు.
చెయ్యి లాగుకి తుడుచుకున్నాడు.
జెండా దులిపి ఊపాడు,
గెలిచినోడికి ఊపినంతసేపూ ఊపాడు.
పేరడిగితే,
"బేగి కదలండి బాబూ, గేటెయ్యాల" అన్నాడు.

ముప్పై ఆరేళ్లు షిప్‌యార్డులో వెల్డింగు చేశాను.
ఓడ నీళ్లలోకి జారినప్పుడల్లా చప్పట్లు విన్నాను,
ముసుగు తీసి వెనక్కి తిరిగి చూసేవాణ్ణి,
ఎవరికోసమా అని.
ఇది మాత్రం
ప్రసంగంగా ఎలా మార్చాలో తెలియడం లేదు.
అంశం చోట ఖాళీ వదిలేయండి.
మరీ బోసిగా ఉంటే చిన్న జెండా బొమ్మ వేయించండి.

ఫొటో అడిగారు.
హెల్మెట్టు లేకుండా దిగింది పెళ్ళినాటిదొక్కటే,
అందులో నేను కళ్లు మూసుకున్నాను.
ఆదివారం చేతులు కలిపేటప్పుడు
నా గోళ్లు చూసి ఏమీ అనుకోవద్దు.
కిరసనాయిలు, నిమ్మచెక్క, సర్ఫు, అన్నీ అయ్యాయి.

ఇట్లు
గెడ్డం ఫిలేమోను,
మల్కాపురం.

తా.క. నన్ను తీసుకెళ్లడానికి ఆటో పంపుతామన్నారు, వద్దు.
బండిలోనే వస్తాను.
సైలెన్సరు లేదు కనుక
ఆ రోజుకి మొదటి గంట కొట్టనక్కర్లేదు.